బండి కొనే ముందు రెండు డాలర్లు, సరుకు ఇచ్చే ముందు ఆరు డాలర్లు: ఆస్ట్రేలియాలోని తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ



సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్, పెర్త్, అడిలైడ్‌లలో మనవాళ్లు ఉద్యోగాల నుంచి వ్యాపారాల్లోకి వస్తున్నారు. ట్రక్కులు తిప్పుతున్నారు. హోటళ్లు, మిఠాయి దుకాణాలు నడుపుతున్నారు. టైల్సు, గ్రానైటు దిగుమతి చేసుకుని బిల్డర్లకు అరువు మీద ఇస్తున్నారు. పెళ్లి మండపాల సామగ్రి, వంటింటి యంత్రాలు అద్దెకిస్తున్నారు. మీ ఉగాది సంచికల్లో ప్రకటనలిచ్చేది వీళ్లే, దసరా వేదికల వెనక బ్యానర్ల మీద కనిపించే పేర్లూ వీళ్లవే. వీళ్లలో చాలామందికి తెలియని ఒక చట్టం గురించి మీకు రాస్తున్నాను. చిన్న వ్యాపారాల లెక్కలు చూడటం నా వృత్తి. కష్టపడి సంపాదించుకున్న సొమ్ము, మోసం ఏమీ జరగకుండానే, కేవలం ఈ చట్టం తెలియక పోగొట్టుకున్నవాళ్లను చూశాను. ఈ సంగతి వాళ్లకు ముందే ఎవరైనా తెలుగులో చెప్పి ఉంటే ఆ నష్టం జరిగేది కాదు. అలా చెప్పగలిగే చోటు మీ దగ్గర ఉంది.

చట్టం పేరు పర్సనల్ ప్రాపర్టీ సెక్యూరిటీస్ యాక్ట్. 2009లో వచ్చింది. దాని కింద దేశం మొత్తానికి ఒకే ఆన్‌లైన్ రిజిస్టరు 2012 జనవరి 30న మొదలైంది. అందరూ పీపీఎస్సార్ అంటారు. ఆఫ్సా అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ దాన్ని నడుపుతుంది. అంతకుముందు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో వాహనాల రిజిస్టరు, కంపెనీల తాకట్లకు వేరే రిజిస్టరు ఉండేవి. ఇప్పుడు భూమి, భవనాలు తప్ప దాదాపు మిగతా ఆస్తులన్నిటికీ ఇదొక్కటే. వాహనాలు, యంత్రాలు, దుకాణంలోని సరుకు, పశువులు, పంట, రావలసిన బాకీలు, షేర్లు, ట్రేడ్‌మార్కులు, అన్నీ దీని కిందికే వస్తాయి. ఒక వస్తువు మీద ఎవరికైనా బాకీ తాలూకు హక్కు ఉంటే దాన్ని ఇక్కడ నమోదు చేసుకోవాలి. ఆ వస్తువు కొనేవారు, దాన్ని చూసి అప్పిచ్చేవారు ఇక్కడ వెతికి చూసుకోవాలి.

మనవాళ్లు ఇందులో ఎందుకు దెబ్బతింటున్నారో నాకు అర్థమైనంతవరకు చెప్తాను. అజాగ్రత్త వల్ల కాదు. ఊళ్లో రెండు వందల గజాల స్థలం కొనాలన్నా మనం ఈసీ తీయించకుండా అడ్వాన్సు ఇవ్వం. పాత లారీ కొనేటప్పుడు ఆర్సీ తిప్పి చూస్తాం. అందులో హైపోథికేషన్ అని ఫలానా ఫైనాన్సు కంపెనీ పేరు ఉంటే, ఎన్‌వోసీ తెచ్చి హెచ్‌పీ క్యాన్సిల్ చేయించేదాకా డబ్బు కట్టం. మోటారు వాహనాల చట్టం 51వ సెక్షన్ ప్రకారం అక్కడ అప్పు సంగతి ఆర్సీలోనే రాసి ఉంటుంది. ఫైనాన్సరు ఒప్పుకోకుండా ఆర్టీవో బండిని మరొకరి పేరుకు మార్చడు. అంటే కాగితం చూస్తే చాలు, బండి మీద అప్పుందో లేదో తెలిసిపోతుంది. తరతరాలుగా మనకు అలవాటైన జాగ్రత్త ఇదే.

ఆస్ట్రేలియాలో ఆ అలవాటే మనల్ని ముంచుతుంది. ఇక్కడి రెగో, అంటే బండి రిజిస్ట్రేషన్ కాగితం, యాజమాన్యానికి రుజువు కాదు. బండి మీద ఎవరి అప్పుందో దాని మీద ఉండదు. అప్పు తీరకుండానే రెగో మరొకరి పేరుకు మారిపోతుంది, అప్పిచ్చినవారి అనుమతి ఎవరూ అడగరు. మెల్‌బోర్న్ టార్నీట్‌లోనో సిడ్నీ పెండిల్ హిల్‌లోనో మనవాడు రెగో చూస్తాడు, పేరు సరిగ్గానే ఉంటుంది, రోడ్‌వర్దీ సర్టిఫికెట్టూ ఉంటుంది, అమ్మేవాడు స్నేహితుడి స్నేహితుడు. డబ్బు పంపేస్తాడు. నాలుగు నెలల తర్వాత అప్పిచ్చిన ఫైనాన్సు కంపెనీ మనిషి వచ్చి బండిని పట్టుకెళ్తాడు. అమ్మినవాడు ఫోను ఎత్తడు. ఆ బండి మీద అప్పు ఉందన్న సంగతి పీపీఎస్సార్‌లో మొదటిరోజు నుంచీ ఉంది. రెండు డాలర్లు కట్టి వెతికితే ఒక నిమిషంలో కనిపించేది.

ఆ వెతకడం ఎలాగో ఇక్కడే చెప్తాను, మీ సభ్యులకు చేరవేయండి. బండి దగ్గరికి వెళ్లి, దాని మీదే చెక్కి ఉన్న విన్ నంబరు (వాహన గుర్తింపు సంఖ్య) చూసి రాసుకోవాలి. అమ్మేవాడు పంపిన ఫొటో చాలదు. ఆ నంబరుతో ప్రభుత్వ సైటులోనే వెతకాలి. అచ్చం ప్రభుత్వ సైటులా కనిపించే ప్రైవేటు సైట్లు ఇదే సమాచారానికి ఎన్నో రెట్లు ఎక్కువ వసూలు చేస్తాయి. అమ్మేవాడు సర్టిఫికెట్టు చూపించినా సరే, మనం సొంతంగా ఒకటి తీసుకోవాలి. అప్పుందా అన్నదే కాదు, బండి దొంగిలించినదని, ప్రమాదంలో రైట్-ఆఫ్ అయినదని రికార్డుల్లో ఉంటే అదీ తెలుస్తుంది. ఇందులో చాలామందికి తెలియని ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. సర్టిఫికెట్టులో ఏమీ లేకపోతే అదే రోజు, లేదా మర్నాడు కొనాలి. అలా కొంటే తర్వాత ఎవరైనా పాత హక్కుతో వచ్చినా చట్టం కొన్నవాడి పక్షాన నిలబడుతుంది. పది రోజుల కిందటి సర్టిఫికెట్టుకు ఆ బలం లేదు.

అప్పు కనిపించిందంటే బేరం వదులుకోవాలని కాదు. అప్పిచ్చినవారి నుంచి ఇంకా ఎంత కట్టాలో తెలిపే లెటరు తెప్పించాలి. ఆ మొత్తాన్ని నేరుగా వాళ్లకే కట్టాలి, మిగిలింది అమ్మేవాడికి ఇవ్వాలి. రిజిస్టరులోంచి ఆ నమోదు తొలగిందని మళ్లీ వెతికి చూసుకోవాలి.

ఇదంతా కొనేవాళ్ల మాట. సరుకు ఇచ్చేవాళ్ల పరిస్థితి ఇంతకంటే కష్టం. వాళ్లు కోల్పోయేది తమదే అనుకున్న ఆస్తిని.

ఈ చట్టంలో మన మనసుకు ఎక్కనిది ఒకటుంది. వస్తువు నాది, నేను కొన్నాను, రసీదు నా దగ్గరుంది, అద్దెకు మాత్రమే ఇచ్చాను అని ఎంత చెప్పుకున్నా, నమోదు లేకపోతే ఆ యాజమాన్యం నిలబడకపోవచ్చు. 2013లో న్యూ సౌత్ వేల్స్ సుప్రీంకోర్టు తీర్పిచ్చిన మెయిడెన్ సివిల్ కేసు ఇందుకు ఉదాహరణ. క్వీన్స్‌లాండ్ ఎక్స్‌కవేషన్ సర్వీసెస్ అనే కంపెనీ మూడు క్యాటర్‌పిల్లర్ యంత్రాలు కొని, నార్తర్న్ టెరిటరీలో మట్టిపనులు చేసే మెయిడెన్ సివిల్‌కు అద్దెకిచ్చింది. నమోదు చేయించుకోలేదు. మెయిడెన్ తర్వాత మరో సంస్థ దగ్గర అప్పు చేసి తన ఆస్తులన్నీ తాకట్టు పెట్టింది. ఆ సంస్థ తన హక్కును నమోదు చేసుకుంది. మెయిడెన్ కూలిపోయింది. యంత్రాలు ఎవరివి? అసలు యజమాని ఎవరో అందరికీ తెలుసు, అందులో వివాదమే లేదు. అయినా వాటి మీద ముందు హక్కు అప్పిచ్చిన సంస్థకే దక్కింది. అద్దెకు తీసుకున్న కంపెనీకి ఆ యంత్రాల మీదున్న హక్కును తాకట్టు పెట్టొచ్చని చట్టం చెప్తుంది. అసలు యజమాని తన హక్కును రిజిస్టరులో పెట్టలేదు కాబట్టి వెనకబడ్డాడు.

ఈ కేసు చెప్తే మనవాళ్లు మొదట నమ్మరు. అన్యాయం అంటారు. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ అవతలి వైపు నుంచి చూడండి. యార్డులో మూడు యంత్రాలు కనిపిస్తున్నాయి, వాటిని చూసి ఒకరు అప్పిస్తున్నారు. అవి అద్దెవో సొంతవో కళ్లతో చూసి ఎలా తెలుస్తుంది? రిజిస్టరు చూశారు, ఏమీ లేదు. నమ్మి ఇచ్చారు. తన హక్కు సంగతి లోకానికి చెప్పే దారి ఉండీ చెప్పనివాడికీ, వెతికి చూసుకుని అప్పిచ్చినవాడికీ మధ్య చట్టం రెండోవాడిని ఎంచుకుంది. నాకిప్పుడు అది న్యాయంగానే తోస్తుంది. కాకపోతే ఆ న్యాయం సంగతి చిన్నవాళ్లకు ముందే తెలియాలి.

పెద్దవాళ్లూ తప్పించుకోలేదు. ఫోర్జ్ గ్రూప్ కేసు చూడండి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని సౌత్ హెడ్లాండ్‌లో తాత్కాలిక విద్యుత్ కేంద్రానికని 2013లో నాలుగు గ్యాస్ టర్బైన్లను ఫోర్జ్ అద్దెకు తీసుకుంది. వాటి విలువ ఐదు కోట్ల డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. అద్దెకిచ్చినవాళ్లు నమోదు చేయించలేదు. 2014 ఫిబ్రవరిలో ఫోర్జ్ అడ్మినిస్ట్రేటర్ల చేతిలోకి వెళ్లింది. అప్పుడు యజమాని, ఆస్ట్రేలియాలో అద్దెకివ్వడం మా నిత్య వ్యాపారం కాదని ఒకసారి, టర్బైన్లు నేలకు బిగించి ఉన్నాయి కాబట్టి అవి భూమిలో భాగమని మరోసారి వాదించాడు. ట్రైలర్ల మీద వచ్చి, పని అయ్యాక విప్పి తీసుకెళ్లేందుకే చేసిన యంత్రాలవి. 2017లో అప్పీలు కోర్టు కూడా ఆ వాదనలు ఒప్పుకోలేదు. నమోదు లేని హక్కు, అద్దెకు తీసుకున్న కంపెనీ దివాలా తీసే సమయానికి ఆ కంపెనీకే చెందిపోతుంది. చట్టం 267వ సెక్షన్ చెప్పేది ఇదే. టర్బైన్లు ఫోర్జ్ అప్పులవాళ్ల ఖాతాలోకి వెళ్లాయి.

అదే 2017లో వన్‌స్టీల్ కేసు. ఇక్కడ అద్దెకిచ్చినవాళ్లు నమోదు చేయించుకున్నారు. కానీ కంపెనీ తొమ్మిది అంకెల ఏసీఎన్ బదులు పదకొండు అంకెల ఏబీఎన్ వేశారు. ఏసీఎన్‌తో వెతికినవాళ్లకు ఆ నమోదు కనిపించదు. వెతికినవాడికి కనిపించని నమోదు లేనట్టేనని కోర్టు తేల్చింది. రాళ్లు పగలగొట్టే, కోట్ల డాలర్ల విలువైన యంత్రాలు పోయాయి. పెద్ద లీజింగు కంపెనీలో, ఇందుకోసమే సిబ్బంది ఉన్నచోట ఇలా జరిగిందంటే, రాత్రి పదింటికి దుకాణం మూసి వచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చునే మనవాడి సంగతి ఆలోచించండి.

ఇప్పుడు మన టైల్సు వ్యాపారి దగ్గరికి వద్దాం. అతను ఇన్‌వాయిసు కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం వేయించుకుంటాడు. డబ్బు మొత్తం ముట్టేవరకు సరుకు మాదే అని. దాన్ని నమ్ముకుని బిల్డరుకో, మరో దుకాణానికో ముప్పై రోజుల అరువు ఇస్తాడు. 2012కి ముందు ఆ వాక్యానికి బలం ఉండేది. ఇప్పుడు ఆ వాక్యం కూడా నమోదు చేసుకోవలసిన హక్కే. నమోదు లేకపోతే, కొన్న కంపెనీ మూతపడిన రోజు గోదాములో తన పెట్టెలు విప్పకుండా కళ్లెదుట కనిపిస్తున్నా లిక్విడేటరు ముట్టుకోనివ్వడు. అతను కూడా మిగతా అప్పులవాళ్లతో పాటు వరుసలో నిలబడాలి. ఆ వరుసలో డాలరుకు ఎన్ని సెంట్లు వస్తాయో మీకు చెప్పనక్కర్లేదు.

దీనికి కావలసింది పెద్ద ఖర్చేమీ కాదు. అరువు ఖాతా తెరిచేటప్పుడే ఆ షరతు ఉన్న పత్రం మీద కొనేవారి సంతకం తీసుకోవాలి. సరుకు వెళ్లిపోయాక పంపే ఇన్‌వాయిసులోని వాక్యాన్ని నమ్ముకోకూడదు. మొదటి లోడు కదలకముందే రిజిస్టరులో నమోదు చేయాలి. ఏడేళ్ల వరకు రుసుము ఆరు డాలర్లు. ఒకే కొనుగోలుదారుకు ఆ తర్వాత పంపే లోడ్లన్నిటికీ ఆ ఒక్క నమోదు సరిపోతుంది, ప్రతి బిల్లుకూ మళ్లీ చేయక్కర్లేదు. ఫారంలో పీఎంఎస్ఐ అని ఒక గడి ఉంటుంది. ఆ సరుకు కొనడానికే ఈ అరువు అని చెప్పే గడి అది. దాన్ని టిక్ చేయడం మరిచిపోకూడదు. కొనేవారి బ్యాంకు వాళ్ల ఆస్తులన్నిటి మీదా ఎన్నేళ్ల ముందు నమోదు చేసుకుని ఉన్నా, ఈ గడి టిక్ చేసి గడువులోపల నమోదు చేసినవాడు తాను ఇచ్చిన సరుకు వరకు బ్యాంకును దాటి ముందుకొస్తాడు. చిన్న సరఫరాదారుకు ఈ చట్టం ఇచ్చిన గొప్ప ఆయుధం ఇది. మనవాళ్లలో దీన్ని వాడుతున్నవాళ్లు చాలా తక్కువ.

గడువుల విషయంలో తేడా ఉంది, జాగ్రత్తగా చూడాలి. కొనేవాడు తిరిగి అమ్ముకునే సరుకైతే అది అతని చేతికి చేరకముందే నమోదు కావాలి. అతను వాడుకునే యంత్రమో వాహనమో అయితే చేతికి చేరాక 15 పనిదినాలు. ఇవి కాక, కంపెనీలకు ఇచ్చేటప్పుడు ఒప్పందం అమల్లోకి వచ్చిన 20 పనిదినాల్లోపు నమోదు చేయాలని కార్పొరేషన్స్ యాక్ట్ అంటుంది. అది దాటాక చేసిన నమోదు, ఆ తర్వాత ఆరు నెలల్లో కంపెనీ కూలితే నిలబడటం కష్టం. ఇన్ని లెక్కలు గుర్తుపెట్టుకోలేనివాళ్లకు నేను చెప్పేది ఒకటే: సంతకమైన రోజే నమోదు చేయండి.

ఈ నమోదు అన్నిటికీ మందు కాదని కూడా చెప్పాలి. టైల్సు గోడకు అంటించాక అవి ఇంట్లో భాగమైపోతాయి. వాటిని వెనక్కి అడిగే వీలు లేదు. విప్పని పెట్టెల వరకే, అమ్మగా వచ్చిన డబ్బు ఎక్కడుందో చూపగలిగినంత వరకే ఈ హక్కు.

అద్దెల దగ్గర మనవాళ్లు ఎక్కువగా పొరపడేది కుటుంబంలోనే. అన్న కంపెనీ పేర ట్రక్కులుంటాయి. తమ్ముడి కంపెనీ వాటిని అద్దెకు తీసుకుని నడుపుతుంది. కాగితం ఉంటే ఒక పేజీ, లేకపోతే అదీ లేదు. తమ్ముడి వ్యాపారం దెబ్బతిని లిక్విడేటరు వచ్చిన రోజు, ట్రక్కులు అన్నవని చెప్తే చాలదు. అద్దెకివ్వడం అన్న కంపెనీ వ్యాపారమై, అద్దె రెండేళ్లు దాటేదైతే ఆ ఒప్పందం ఈ చట్టం కిందికి వస్తుంది. గడువు చెప్పకుండా ఇచ్చి అది రెండేళ్లు దాటినా అంతే. మొదట్లో ఈ పరిమితి ఏడాదే ఉండేది, వాహనాలకైతే 90 రోజులే. చిన్న అద్దె వ్యాపారులు నష్టపోతున్నారని 2015లో 90 రోజుల నిబంధన తీసేశారు, 2017లో ఏడాదిని రెండేళ్లు చేశారు. అయినా చివర్లో వస్తువు సొంతమయ్యేలా రాసుకున్న అద్దెలకు ఈ రెండేళ్ల వెసులుబాటు లేదు, అవి మొదటి రోజు నుంచే నమోదు కావాలి. అన్నదమ్ముల మధ్య నమోదు ఏమిటని మొహమాటపడతారు. నమోదు తమ్ముడి మీద అనుమానంతో చేసేది కాదు, తమ్ముడి అప్పులవాళ్ల నుంచి కాపాడుకోవడానికి చేసేది. మీరు పెద్దలు, ఈ మాట మీరు చెప్తే వింటారు.

పేర్ల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఇది మనవాళ్లకే వచ్చే చిక్కు. కంపెనీ కాకుండా మనిషికి అరువిచ్చినప్పుడు, అతను ఏబీఎన్ పెట్టుకుని సొంతంగా వ్యాపారం చేస్తున్నా సరే, నమోదు అతని పేరు, పుట్టిన తేదీ మీదే చేయాలి. ఆ పేరు మామూలుగా డ్రైవింగ్ లైసెన్సులో ఉన్నట్టే ఉండాలి. మన ఇంటిపేర్లు ముందుంటాయి, ఇనీషియల్స్‌గా కుదించుకుపోతాయి. పాస్‌పోర్టులో ఒకరికి తండ్రి పేరే ఇంటిపేరు గడిలో పడుతుంది, ఇంకొకరికి ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది, మరొకరికి నాలుగు మాటల పేరంతా ఒకే గడిలో ఇరుక్కుంటుంది. ఇక్కడికొచ్చాక లైసెన్సు, మెడికేర్, బ్యాంకు ఖాతా మూడింటిలో మూడు రకాలుగా ఉన్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. అందరూ పిలిచే పేరుతోనో, బిల్లు మీద రాసే పేరుతోనో నమోదు చేస్తే అది వెతికినవాళ్లకు కనిపించదు. కనిపించకపోతే ఏమవుతుందో వన్‌స్టీల్ కేసు చెప్పింది. లైసెన్సు కాపీ చేతిలో పెట్టుకుని అక్షరం అక్షరం చూసి కొట్టాలి.

ట్రస్టులు ఇంకో చిక్కు. మన చిన్న వ్యాపారాల్లో చాలావరకు ఫ్యామిలీ ట్రస్టు పేర నడుస్తాయి, ట్రస్టీగా ఒక ప్రొప్రైటరీ కంపెనీ ఉంటుంది. బోర్డు మీద కనిపించేది మూడో పేరు. ట్రస్టుకు సొంత ఏబీఎన్ ఉంటే నమోదు దాని మీద చేయాలి, కంపెనీ ఏసీఎన్ మీద కాదు. కంపెనీ తన సొంతానికి తీసుకుంటే ఏసీఎన్ మీద. అరువిచ్చే ముందు మీరు ఎవరు అని అడిగితే సరిపోదు, మీరు ఏ హోదాలో కొంటున్నారు అని అడిగి రాయించుకోవాలి.

నడుస్తున్న హోటలు కొనేవాళ్లకు కూడా రెండు మాటలు. కూల్‌రూమ్, కాఫీ మెషీన్, ఎగ్జాస్టు, డెలివరీ వ్యాను, బిల్లింగు యంత్రం అన్నీ కలిపి ధర మాట్లాడుకుంటారు. వాటిలో ఏది అద్దెదో, ఏది వాయిదాల మీద ఉందో అమ్మేవాడికే సరిగా గుర్తుండదు. అమ్మే కంపెనీ ఏసీఎన్‌తో, ట్రస్టు ఉంటే దాని ఏబీఎన్‌తో, వ్యాను విన్ నంబరుతో వెతికి వచ్చిన జాబితా ముందు పెట్టుకుని కూర్చోండి. ప్రతి నమోదుకూ, ఈ వస్తువులను వదిలేస్తున్నామని దాన్ని చేసినవారి లేఖ సెటిల్మెంటు రోజుకు చేతిలో ఉండాలి. నమోదు చూస్తే బాకీ ఎంతో తెలియదు, ఒప్పంద పత్రం కూడా అందులో ఉండదు. ఫలానావారికి ఫలానా ఆస్తిలో హక్కు ఉందన్నంత వరకే. అందుకే అడిగి తెలుసుకోవాలి.

అప్పు తీర్చేసిన మనవాళ్లు మరిచిపోయేది ఇంకొకటి. బాకీ తీరింది, కానీ నమోదు అలాగే ఉండిపోతుంది. నాలుగేళ్ల తర్వాత బ్యాంకు కొత్త అప్పుకు వెతికినప్పుడు అది బయటపడి పని ఆగిపోతుంది. తీసేయమని రాతపూర్వకంగా అడిగే హక్కు చట్టంలో ఉంది. ఐదు పనిదినాల్లో తీయకపోతే రిజిస్ట్రారు దగ్గరికి వెళ్లవచ్చు. అప్పిచ్చినవాళ్లు తమ గడువు చూసుకోవాలి. ఏడేళ్లకు చేసిన నమోదు ఏడేళ్ల తర్వాత దానంతటదే రాలిపోతుంది, మళ్లీ చేస్తే వరుసలో చివరి నుంచి మొదలు.

ఈ చట్టం చిన్నవాళ్లకు కష్టంగా ఉందని ప్రభుత్వానికీ తెలుసు. బ్రూస్ విటేకర్ చేసిన సమీక్ష 2015లో 394 సిఫార్సులు ఇచ్చింది. వాటి మీద ప్రభుత్వం 2023 సెప్టెంబరులో స్పందించి ముసాయిదా బిల్లులు బయటపెట్టింది. చట్టం సులువవుతుందని ఎదురుచూస్తూ కూర్చునే స్థితిలో మన వ్యాపారులు లేరు. కంపెనీలు ఇప్పుడే మూతపడుతున్నాయి, ముఖ్యంగా నిర్మాణ రంగంలో. న్యూజిలాండ్‌లో ఉన్న మనవాళ్లకూ ఇలాంటి చట్టమే 2002 నుంచి ఉంది. అక్కడి తెలుగు సంఘాలకు ఈ లేఖ పంపగలిగితే పంపండి.

నా అభ్యర్థనలు చెప్తాను. తెలుగులో రెండు పేజీల పత్రం ఒకటి అచ్చువేయించండి. కొనేవారికి ఒక పేజీ, సరుకు అరువుకో అద్దెకో ఇచ్చేవారికి ఒక పేజీ. మీ సభల్లో స్పాన్సర్ల ప్యాకెట్టులో, దుకాణాల కౌంటర్ల మీద అది కనిపించాలి. ఏటా మే నెలలో ఒక సాయంత్రం వ్యాపారులకు కేటాయించండి. జూన్ 30 లోపల పన్ను లెక్కల కోసం మనవాళ్లు వాహనాలు, యంత్రాలు హడావుడిగా కొనే కాలం అది. మీ వాట్సాప్ గ్రూపుల్లో బండి అమ్మకానికి పెట్టేవాళ్లు విన్ నంబరు ఇవ్వాలని నియమం పెట్టండి. ఇవ్వనన్నవాళ్ల ప్రకటన వేయకండి. ఆఫ్సాకు అన్ని నగరాల సంఘాలు కలిసి ఒక ఉత్తరం రాయండి. ఈ రిజిస్టరు వివరాలతో తెలుగులో ఒక పేజీ పెట్టమని అడగండి. ఒక్కొక్కరుగా అడిగితే ఆ ఉత్తరం ఫైలులో పడిపోతుంది. సంఘాలన్నీ కలిసి అడిగితే జవాబివ్వక తప్పదు.

ఈ మధ్య ఒక స్త్రీ నా దగ్గరికి వచ్చారు. భర్త, ఆమె కలిసి చిన్న క్యాటరింగు వ్యాపారం పెట్టారు. ఇంట్లోవాళ్లు పంపిన డబ్బు, ఆమె నగల మీద తెచ్చిన డబ్బు కలిపి వంటపాత్రలు, వార్మర్లు, ఒక కోల్డ్ ట్రైలరు కొని, వేరే ఫంక్షన్ హాలు కంపెనీకి మూడేళ్ల ఒప్పందం మీద అద్దెకిచ్చారు. ఆ కంపెనీ మూతపడింది. సామాను ఇప్పుడు లిక్విడేటరు తాళం వేసిన గోదాములో ఉంది. రసీదులన్నీ ఫైలులో వరసగా పెట్టుకుని తీసుకొచ్చారు, ఒక్కటి కూడా పోగొట్టుకోలేదు. తనదని రుజువు చేయడానికి ఇంకేం కావాలి అని అడిగారు. ఆమెకు నేను చెప్పవలసి వచ్చిన జవాబు మీ సభ్యుల్లో మరొకరికి ఎవరూ చెప్పవలసిన పరిస్థితి రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

పత్రం తొలి ప్రతి నేను రాసిస్తాను, పైసా తీసుకోను. ఈ చట్టంలో పనిచేసే న్యాయవాది ఒకరికి దాన్ని చూపించి సరిచేయించే బాధ్యత మీరు తీసుకోండి. లెక్కలు చూసేవారి మాట న్యాయ సలహా కాదు, అచ్చులో తప్పు వెళ్తే దాన్ని నమ్మినవాళ్లు నష్టపోతారు. వచ్చే మే నెలకు ముందు ఒక తేదీ, ఒక గది చెప్పండి, వస్తాను.

భవదీయ,
మెల్‌బోర్న్‌లో చిన్న వ్యాపారాల లెక్కలు చూసే ఒక తెలుగు అకౌంటెంటు